పల్లెవెలుగు బస్సుల్లో ఎక్కుతూ దిగుతూ శ్రీకాకుళం చూడటం ఎలా?

పెద్ద నగరాల్లో టూరిస్టు బస్సు ఒకటి తిరుగుతుంటుంది. పొద్దున్న టికెట్ తీసుకుంటే చాలు, కావలసినచోట దిగి, తీరిగ్గా చూసి, వెనకాల వచ్చే బస్సు ఎక్కొచ్చు. శ్రీకాకుళంలో అలాంటి బస్సు లేదు. ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి ఊళ్లకు పోయే పల్లెవెలుగు బస్సులున్నాయి. వాటినే అలా వాడుకుంటే అరసవల్లి, శ్రీకూర్మం, శాలిహుండం, కళింగపట్నం, శ్రీముఖలింగం రెండు రోజుల్లో చూడొచ్చు. కారు అక్కర్లేదు. అయితే ఇక్కడ ఒక బస్సుకీ ఇంకో బస్సుకీ మధ్య ఎంతసేపు ఆగాలన్నది ఊరిని బట్టి ఉంటుంది. అందుకే ఏం చూడాలి అనే లెక్క కంటే ముందు ఏది ముందు, ఏది వెనక అన్నది తేల్చుకోవాలి.

పద్ధతి ఇదీ: పొద్దున్నే అన్నిటికంటే దూరంగా ఉన్నచోటికి పోవాలి, అక్కణ్ణుంచి ఒక్కొక్కటే చూసుకుంటూ ఊరివైపు వెనక్కి రావాలి. చాలామంది దీనికి తలకిందులుగా చేస్తారు. దగ్గరే కదా అని ముందు అరసవల్లి వెళ్తారు, దర్శనం అయ్యేసరికి పది దాటుతుంది, శ్రీకూర్మం చేరేసరికి గుడి మూసేసే వేళవుతుంది. ఎండ నెత్తికెక్కాక శాలిహుండం కొండ ఎక్కుతారు. దిగేసరికి సాయంత్రం, ఆ పల్లెల్లో బస్సులు పలచబడే సమయం. వెనక్కి వచ్చే వరసలో ఈ ఇబ్బంది ఉండదు. ఊరు దగ్గరపడేకొద్దీ వేరే ఊళ్ల బస్సులు కూడా అదే రోడ్డుకు చేరతాయి, సర్వీసు ఆటోలు పెరుగుతాయి. సాయంత్రం ఆరింటికి అరసవల్లిలో ఉన్నవాళ్లకు ఇంటికెలా చేరాలన్న బెంగ ఉండదు.

ముందు ఊరు చేరడం

రైల్లో వచ్చేవాళ్లు టికెట్ తీసేటప్పుడు స్టేషన్ పేరు చూసుకోవాలి. శ్రీకాకుళం పట్నంలో రైల్వే స్టేషన్ లేదు. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో, పట్నానికి పది పదమూడు కిలోమీటర్ల దూరంలో. దాని కోడ్ సీహెచ్ఈ. అది చూసి చెన్నై అనుకుని కంగారు పడేవాళ్లున్నారు. బ్రిటిష్ వాళ్లు ఈ ఊరిని చికాకోల్ అనేవారు, కోడ్ అక్కణ్ణుంచి వచ్చింది. ఇంకో తికమక: కృష్ణా జిల్లాలో ఘంటసాల దగ్గర కూడా ఒక శ్రీకాకుళం ఉంది, ఆంధ్ర మహావిష్ణువు గుడి ఉన్న ఊరు. ఆన్‌లైన్‌లో బస్సు గానీ గది గానీ బుక్ చేసేటప్పుడు జిల్లా పేరు చదివాకే డబ్బు కట్టండి.

ఆమదాలవలస స్టేషన్ బయటే పట్నానికి బస్సులు, ఆటోలు దొరుకుతాయి. విశాఖ నుంచి బస్సులో వచ్చేవాళ్లు ఎక్కేముందే ఆ బస్సు కాంప్లెక్స్ లోపలికి వెళ్తుందో లేదో కండక్టర్ని అడగాలి. పలాస, ఇచ్ఛాపురం వైపు పోయే దూరప్రాంతపు సర్వీసులు కొన్ని ఊళ్లోకి రాకుండా హైవే మీదే దింపేస్తాయి. అక్కణ్ణుంచి కాంప్లెక్స్‌కి మళ్లీ ఆటో ఖర్చు. బస చేసే గది కాంప్లెక్స్‌కి నడిచి వెళ్లేంత దూరంలో చూసుకోండి. పొద్దున్నే మొదటి బస్సు అందాలంటే అదే సులువు.

టికెట్లూ చిల్లరా

రోజంతా తిరిగే ఒక్క టికెట్ అంటూ ఇక్కడ లేదు. ఎక్కిన ప్రతిసారీ దిగే ఊరు చెప్పి టికెట్ తీసుకోవాలి. పది, ఇరవై నోట్లు దండిగా దగ్గర పెట్టుకోండి. పొద్దున్న మొదటి బస్సులో ఐదొందల నోటిస్తే కండక్టర్ దగ్గర చిల్లర ఉండదు, టికెట్ వెనక బాకీ రాసిస్తాడు. దిగేటప్పుడు అడిగి తీసుకోవడం మరిచిపోతే ఆ డబ్బు పోయినట్టే. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద రాష్ట్రంలోని ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ ఉచితం. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపించి సున్నా టికెట్ తీసుకోవాలి. ఉచితమే కదా అని టికెట్ తీసుకోకుండా కూర్చోకూడదు.

బస్సు ముందు బోర్డు మీద చివరి ఊరి పేరు, వయా ఊర్లు తెలుగులో ఉంటాయి. బోర్డు కంటే నోటిమాట నమ్మకం: "ఏవండీ, గారలో ఆగుతుందా?" అని డ్రైవర్నో కండక్టర్నో అడిగే ఎక్కండి. దిగేటప్పుడు అదే కండక్టర్ని ఇంకో రెండు అడగాలి. తిరుగు బస్సు ఎన్ని గంటలకి, ఆఖరి బస్సు ఎన్ని గంటలకి. ఆ రూటులో రోజూ తిరిగే మనిషి చెప్పే మాటకు మించిన టైమ్‌టేబుల్ లేదు. విన్నవెంటనే రాసుకోండి. తర్వాత ఊళ్లో టీ కొట్టు దగ్గర ఇంకోసారి అడగండి. రెండు మాటలూ కలవకపోతే ముందుగా ఉన్న టైమే పట్టుకోండి.

మొదటి రోజు: సముద్రం వైపు

పొద్దున్న ఆరు గంటల ప్రాంతంలో కాంప్లెక్స్‌లో కళింగపట్నం బస్సు ఎక్కండి. సుమారు పాతిక కిలోమీటర్లు, దారిలో గార వస్తుంది. కళింగపట్నం ఒకప్పుడు పేరున్న ఓడరేవు. వంశధార అక్కడే సముద్రంలో కలుస్తుంది. ఒడ్డు, దీపస్తంభం చూడటానికి గంట చాలు. ఏటి మొగ దగ్గర నీళ్లలోకి దిగొద్దు. నది సముద్రంలోకి తోసేచోట అడుగున ఇసుక రోజురోజుకీ జారుతుంటుంది, నిన్న మోకాలు లోతున్నది ఇవాళ నిలువు లోతు కావచ్చు. ఈతగాళ్లకైనా ఇది వర్తిస్తుంది.

శాలిహుండం అక్కడికి ఐదారు కిలోమీటర్లు, వంశధార దక్షిణపు ఒడ్డున కొండ మీద. ఈ ముక్కకి మాత్రం బస్సుని నమ్ముకోకుండా ఆటో మాట్లాడుకోండి. పోను, అక్కడ గంటన్నర ఆగను, తిరిగి గార రోడ్డు మీద దింపను, అంతా కలిపి ఒకే రేటు ఎక్కకముందే తేల్చుకోవాలి. ఒక్క పోనూ మాట్లాడుకుని ఆటోని పంపేస్తే కొండ దిగాక ఇంకో బండి దొరక్కపోవచ్చు. అటువైపు సవారీలు తక్కువ, ఖాళీ ఆటోలు ఊరికే తిరగవు.

ఇక్కడి బౌద్ధ శిథిలాలను 1919లో బయటపెట్టింది గిడుగు వెంకట రామమూర్తి. వాడుక భాష కోసం, సవర భాష కోసం పోరాడిన ఆ గిడుగువారే. ఈ జిల్లా మనిషి. తర్వాత జరిగిన తవ్వకాల్లో స్తూపాలు, చైత్యాలు, విహారాల పునాదులు బయటపడ్డాయి. క్రీస్తుకు పూర్వం మొదలైన ఈ ఆరామం చాలా శతాబ్దాలు నడిచింది. థేరవాదం, మహాయానం, వజ్రయానం అనే బౌద్ధంలోని మూడు దశల గుర్తులూ ఒకే కొండ మీద ఉండటం దీని ప్రత్యేకత. దాన్ని కళ్లారా పట్టుకోవాలంటే కింద నుంచి పైకి మెల్లగా ఎక్కుతూ ప్రతి కట్టడం చుట్టూ ఒకసారి తిరగండి. విగ్రహం లేని గుండ్రని ఇటుక స్తూపం దగ్గర ఆగి చూసి, ఆ తర్వాత మ్యూజియంలో తార, మారీచి విగ్రహాల దగ్గర నిలబడితే బుద్ధుడి గుర్తుకు మొక్కిన కాలానికీ, దేవతల రూపాలకు మొక్కిన కాలానికీ ఉన్న దూరం తెలుస్తుంది. పైనుంచి వంశధార మలుపు చూడకుండా దిగొద్దు. సరుకు ఓడల్లో దిగే రేవు, యాత్రికులు నడిచే ఏటి గట్టు, రెండూ చేరువలోనే ఉన్నాయి. భిక్షువులు ఈ కొండనే ఎంచుకోవడానికి కారణం అక్కడ నిలబడితే అర్థమవుతుంది.

కొండ మీద నీడ తక్కువ. మనిషికి లీటరు నీళ్లు, టోపీ కింద నుంచే తీసుకెళ్లాలి. ఇటుక గోడల మీదకు ఎక్కకండి, పిల్లల్ని ఎక్కనివ్వకండి. పాత ఇటుక ఒకటి ఊడితే దాని పక్కది వానాకాలంలో జారిపోతుంది. మ్యూజియం ఆఫీసు వేళల్లోనే తెరుస్తారు. అది తప్పకుండా చూడాలనుకునేవాళ్లు కళింగపట్నంలో ఇంకాస్త ఆగి, మ్యూజియం తెరిచే వేళకు కొండ చేరేలా బయల్దేరండి. ఆ తర్వాత శ్రీకూర్మం గుడి మధ్యాహ్నం మూసేసేలోపు అందదనుకుంటే గారలో భోంచేసి సాయంత్రం తెరిచాక వెళ్లండి, అరసవల్లిని రెండో రోజు పొద్దున్నకి మార్చుకోండి.

గార రోడ్డు మీద నుంచి శ్రీకూర్మం ఆటోలో పోవచ్చు. శ్రీకాకుళం నుంచి నేరుగా శ్రీకూర్మానికి బస్సులున్నాయి కాబట్టి అక్కణ్ణుంచి తిరుగు ప్రయాణం ఇబ్బంది కాదు. పదకొండు లోపు గుళ్లో ఉండేలా చూసుకోండి. విష్ణువు కూర్మావతారంగా పూజలందుకునే గుడి. మూలవిరాట్టు పడమటి ముఖంగా ఉంటుంది, తూర్పునా పడమరా రెండు ధ్వజస్తంభాలున్నాయి. దర్శనం అవగానే వెళ్లిపోయేవాళ్లు ఇక్కడ సగమే చూసినట్టు. ప్రదక్షిణ మండపంలో స్తంభాలు ఏ రెండూ ఒకేలా ఉండవని ప్రతీతి. లోపలి గోడల మీద పాత వర్ణచిత్రాలున్నాయి, రంగులు చాలాచోట్ల వెలిసిపోయాయి. ఒక ప్రదక్షిణ మొక్కుగా చేయండి, రెండోది ఆ గోడల కోసం, అడుగులో అడుగు వేసుకుంటూ చేయండి. బొమ్మల్ని చేత్తో తాకొద్దు. చేతి చెమట, నూనె ఆ రంగుకి పడవు. ఫొటో తీయొచ్చో లేదో అక్కడివాళ్లని అడిగాకే ఫోన్ బయటికి తీయండి. స్తంభాల మీది శాసనాలు తెలుగు, ఒడిశా చరిత్రలు రెండింటికీ ఆధారాలు. ద్వైతాచార్యుడు నరహరి తీర్థుల 1281 నాటి శాసనం ఇక్కడిదే. గుడి ఆవరణలో నక్షత్ర తాబేళ్లను పెంచుతారు. వాటికి ఇంటినుంచి తెచ్చినవి పెట్టకుండా అక్కడివాళ్లు చెప్పిన ఆకే పెట్టండి.

మధ్యాహ్నం పట్నానికి వచ్చి భోంచేసి, కాసేపు నడుం వాల్చి, సాయంత్రం గుడి తెరిచే వేళకు అరసవల్లి వెళ్లండి. కాంప్లెక్స్ నుంచి రెండు మూడు కిలోమీటర్లే, సర్వీసు ఆటో సరిపోతుంది. ఇక్కడి సూర్యనారాయణస్వామి గుడిని కళింగాన్ని ఏలిన తూర్పు గాంగ వంశపు రాజు దేవేంద్రవర్మ 7వ శతాబ్దంలో కట్టించాడని చెబుతారు. ఆదివారం మాత్రం వద్దు. సూర్యుడి వారం కాబట్టి ఆ రోజు క్యూలోనే పూట గడిచిపోతుంది. మాఘం, వైశాఖం, కార్తీకం ఆదివారాలైతే ఇంకా ఎక్కువ, రథసప్తమి సంగతి చెప్పనక్కర్లేదు.

సూర్యకిరణాలు స్వామి పాదాలను తాకేది మార్చిలో 9, 10, 11 తేదీల ప్రాంతంలో, అక్టోబరులో 1, 2, 3 తేదీల ప్రాంతంలో. ఆ రెండుసార్లూ సూర్యుడు ఆకాశంలో దాదాపు ఒకే చోట, సరిగ్గా తూర్పుకి కాస్త దక్షిణంగా ఉదయిస్తాడు. ఒకటి ఉత్తరానికి వెళ్లేటప్పుడు, ఇంకొకటి దక్షిణానికి వచ్చేటప్పుడు. దాని కోసమే వచ్చేవాళ్లు ఒక్క రోజుకి టికెట్ తీసుకోవద్దు, మూడు ఉదయాలూ చేతిలో ఉంచుకోండి. తూర్పున సముద్రం మీద మబ్బు పట్టిందంటే ఆ రోజుకి కిరణం లేనట్టే, అక్టోబరులో ఆ మబ్బు తరచూ పడుతుంది. ఉండేది కొన్ని నిమిషాలే కాబట్టి తెల్లవారకముందే క్యూలో నిలబడాలి.

రెండో రోజు: శ్రీముఖలింగం

ఇది పట్నానికి సుమారు 46 కిలోమీటర్లు, వంశధార ఎడమ గట్టున. నేరు బస్సు పొద్దున్నే దొరికితే ఎక్కండి. లేకపోతే కాచుకుని కూర్చోకుండా నరసన్నపేట పొండి. హైవే మీది ఊరు, బస్సులకి కొదవ లేదు. అక్కణ్ణుంచి జలుమూరు మీదుగా బస్సో ఆటోనో. టిఫిన్ నరసన్నపేటలోనే చేసేయండి, మధ్యాహ్నానికి కూడా ఏదైనా కట్టించుకోండి. ముఖలింగం పల్లెటూరు, భోజనం దొరుకుతుందన్న భరోసా పెట్టుకోవద్దు.

ఒకప్పుడు తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఇదేనని చరిత్రకారులు చెబుతారు. ఇక్కడి రాజు అనంతవర్మ చోడగంగుడే తర్వాత ఒడిశాని గెలిచి, పూరీ జగన్నాథుడి గుడి కట్టడం మొదలుపెట్టాడు. పూరీ, భువనేశ్వర్ చూసినవాళ్లకి ఇక్కడి గుళ్ల శిఖరాలు ఎక్కడో చూసినట్టు అనిపిస్తాయి. పూరీ గుడి కంటే ఇక్కడి మధుకేశ్వరుడి గుడి పాతది.

గుళ్లు మూడు. ముందు మధుకేశ్వరుడి గుడికి వెళ్లండి, ఎందుకంటే మధ్యాహ్నం తలుపులు మూసేది అక్కడే. లింగం చెక్కింది కాదని, ఇప్పచెట్టు మొద్దులోంచి వెలిసిందని స్థలపురాణం. గర్భగుడిలో లింగం వెనక ఉన్న పెద్ద మట్టి గోలెం అడిగి చూడండి. బయటికొచ్చాక తొందరపడకుండా ద్వారబంధాల మీది లతల చెక్కడం, గోడల మీది దేవతలు, శాసనాలు చూడటానికి గంటైనా పెట్టాలి. తర్వాత దగ్గర్లోని భీమేశ్వరుడు. సోమేశ్వరుడి గుడిని ఆఖరికి ఉంచుకోండి. అది ఊరి మొదట్లో, వచ్చిన దారిలోనే ఉంటుంది. ముందు మండపం లేదు, ఎత్తైన శిఖరంతో గర్భగుడి ఒక్కటే. శిల్పమంతా వెలుపలి గోడల మీదే ఉంది. తలుపు వేసున్నా నష్టం లేదు. అది చూస్తూనే రోడ్డు మీద కన్నేసి ఉంచితే తిరుగు బస్సు కూడా తప్పదు. వానాకాలంలో నల్లబడిన రాయి మీద చెక్కడం సరిగా ఆనదు, ఎండ వాలుగా పడే నవంబరు, ఫిబ్రవరి మధ్య స్పష్టంగా కనిపిస్తుంది. శివరాత్రికి జనం పోటెత్తుతారు, శిల్పం చూడటానికి అది కాలం కాదు.

రెండు రోజులకీ ఒక జాగ్రత్త. పొద్దున్న ఏడున్నర నుంచి తొమ్మిది వరకు, సాయంత్రం నాలుగు నుంచి ఐదున్నర వరకు పల్లె బస్సుల నిండా బడి పిల్లలు, కాలేజీ పిల్లలే ఉంటారు. పెద్ద సంచులతో ఆ వేళల్లో ఎక్కడం కష్టం. సామాను గదిలో వదిలి భుజాన ఒక్క సంచితో తిరగండి. గుళ్ల దగ్గర చెప్పులు విప్పాలి, మధ్యాహ్నం రాతి బండలు కాలతాయి, వయసైనవాళ్లకి పాత సాక్సులు జత పెట్టుకోండి.

ఈ రెండు రోజులు కాక ఇంకో పూట మిగిలితే పొందూరు వెళ్లొచ్చు. శ్రీకాకుళం రోడ్ నుంచి విశాఖ వైపు ప్యాసింజరు రైలు అక్కడ ఆగుతుంది. సన్నఖాదీకి పేరుపడ్డ ఊరు. పత్తిని వాలుగ చేప దవడతో దువ్వి శుభ్రం చేయడం ఇక్కడి పద్ధతి. ఇంటికి వెళ్లే రైలు రాత్రి ఉంటే ఊరి కాంప్లెక్స్ నుంచి కనీసం గంటన్నర ముందు బయల్దేరండి. ఆమదాలవలస ప్రయాణం అరగంటదే, కానీ పొద్దుపోయాక బస్సు కోసం ఆగాల్సిన సమయం ముందే చెప్పలేం, ఒంటరి ఆటోకి అప్పుడు అడిగే రేటు పగటికంటే బాగా ఎక్కువ.