ఒకే హీరో సినిమాలు చూసి మాట్లాడటం ఎలా, 4వ పాఠం: ఓవరాక్షన్ ఎవరిది?

పోయిన పాఠంలో హోంవర్కు ఇచ్చాను గుర్తుందా, బావుంది, బాలేదు, సూపర్, చెత్త అనే నాలుగు మాటలు వాడకుండా ఒక హీరో గురించి ఐదు వాక్యాలు రాయమని. నేను రాశాను, రెండో వాక్యానికే చెమట పట్టింది. మా బావ చేత కూడా రాయించాను, ఆయన గాజువాకలో ఉంటాడు, నైట్ షిఫ్టు చేసొచ్చి నిద్రపోకుండా సినిమాలు చూసే రకం. ఐదు వాక్యాలు రాయమంటే ఒక్కటే రాసి కాగితం నా చేతిలో పెట్టాడు. "కమల్ హాసన్ ఓవరాక్షన్ చేస్తాడు." అంతే. మిగతా నాలుగూ ఏవి బావా అంటే, "ఒరే, ఇంకేటుందిరా చెప్పడానికి, అదే కదా ఉన్నది" అన్నాడు.

ఈ పాఠం మొత్తం ఆ ఒక్క మాట మీదే. ఎందుకంటే ఈ మాట మా బావ ఒక్కడిదే కాదు. బీచ్‌ రోడ్డులో ముంత మసాలా తింటూ నలుగురు కూర్చుని కమల్ టాపిక్ తీస్తే ఇద్దరు "అబ్బ, ఏం చేశాడ్రా" అంటారు, ఇద్దరు "కొంచెం ఎక్కువ చేస్తాడు" అంటారు, ఆ తర్వాత ముంత అయిపోతుంది, టాపిక్ మారిపోతుంది. ఎవరూ ఎక్కడ, ఏ సీన్లో, ఎంత ఎక్కువ అని అడగరు. మనం అడుగుదాం.

పద్ధతి సింపుల్. ఒకే హీరో సినిమాలు రెండు తీసుకోండి, కానీ ఊరికే ఏవో రెండు కాదు, రెండిట్లోనూ పాత్రకి ఒకే కష్టం ఉండాలి. తాగుబోతు అయితే రెండిట్లో తాగుబోతు, తండ్రి అయితే రెండిట్లో తండ్రి. కష్టం ఒకటే అయినప్పుడు తేడా అంతా నటనలోనో డైరెక్టర్ చేతిలోనో కనపడుతుంది, కథలోకి పారిపోవడానికి వీలుండదు. నేను మా బావకి ఇచ్చిన జత ఆకలి రాజ్యం, పుష్పక విమానం. ఒకటి 1981, బాలచందర్ గారిది. రెండోది 1987, సింగీతం శ్రీనివాసరావు గారిది. రెండిట్లోనూ కమల్‌కి ఉద్యోగం లేదు, జేబులో డబ్బుల్లేవు. కానీ ఒకదాంట్లో నోరు మూతపడదు, రెండోదాంట్లో ఒక్క డైలాగూ లేదు, కమల్‌కే కాదు సినిమాలో ఎవరికీ లేదు.

ముందు ఆకలి రాజ్యం. ఢిల్లీలో ఉద్యోగం కోసం తిరిగే కుర్రాడు, కోపం వస్తే శ్రీశ్రీ కవిత్వం అందుకుంటాడు. ఇక్కడ కొంచెం ఆగాలి, శ్రీశ్రీ మన విశాఖలోనే పుట్టాడు, 1910లో, అందుకని మనోళ్ళకి ఆ సినిమా మీద కొంచెం సొంతింటి ఫీలింగు ఉంటాది. ఈ కథే ముందు తమిళంలో 1980లో వచ్చింది, అక్కడ ఇదే కమల్ భారతియార్ కవితలు చదువుతాడు. రెండు వెర్షన్లూ దొరికితే పక్కపక్కన పెట్టి చూడండి, కవి మారితే అదే మనిషి ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నాడో, ఏ మాట మీద విరుస్తున్నాడో చూడటం భలే సరదాగా ఉంటుంది, నాకు తమిళం అరకొరగా కూడా రాదు అయినా చూశాను.

సరే, మా బావకి నేను ఆపి చూపించింది ఆ ఖాళీ కంచాల సీను. రూములో తిండి లేదు, శ్రీదేవి వస్తుంది, పరువు పోకూడదని ఈ ఫ్రెండ్సందరూ భోజనం చేస్తున్నట్టు నటిస్తారు. కంచంలో ఏమీ ఉండదు. మా బావ వెంటనే "అదిగో, చూశావా, ఓవరాక్షన్!" అన్నాడు. నేను అన్నాను, బావా, ఒక్క ప్రశ్న అడుగుతాను, ఇక్కడ ఎక్కువ చేస్తున్నది కమల్ హాసనా, ఆ సినిమాలో కుర్రాడా?

ఒక్క నిమిషం ఏమీ అనలేదు. మా అక్క వంటింట్లోంచి "ఆ కుర్రాడే కదా, ఆకలేసినోడు తిన్నట్టు నటిస్తే అలగే ఉంటాది, కొంచెం ఎక్కువే పెట్టుకుంటాడు" అంది. ఇదే అసలు పాఠం, మా అక్క చెప్పేసింది, నేను రాయడమే మిగిలింది. పాత్రే నటిస్తున్నప్పుడు నటన ఎక్కువ ఉండాలి. కడుపు నిండినోడు మామూలుగా తింటాడు, కడుపు ఖాళీగా ఉన్నోడు తిన్నట్టు చూపించాలంటే త్రేన్పు కూడా గట్టిగానే త్రేన్చాలి. అక్కడ కమల్ అచ్చం నిజంగా తింటున్నట్టు చేస్తే సీను చచ్చిపోతుంది, మనకి అది అబద్ధమని తెలియాలి, తలుపు అవతల ఉన్న శ్రీదేవికి తెలియకూడదు. రెండు లెవెల్స్ ఒకేసారి పట్టుకోవాలన్నమాట.

ఇప్పుడు పుష్పక విమానం. లాడ్జిలో ఉంటాడు, పక్కనే సినిమా హాలు, ఆ రొదలోనే నిద్రకి అలవాటు పడిపోయాడు. రోడ్డు మీద తాగి పడున్న డబ్బున్నాయన్ని తెచ్చి తన రూములో కట్టేసి ఆయన హోటల్ తాళం పట్టుకుని వెళ్ళిపోతాడు, అక్కడ మెత్తటి పరుపు మీద పడుకుంటే నిద్ర రాదు, నిశ్శబ్దం ఎక్కువైపోయింది కదా. అందుకని ఆ సినిమా హాలు గోల టేపులో రికార్డు చేసుకొచ్చి పెట్టుకుంటాడు, అప్పుడు హాయిగా నిద్ర. జగదాంబ జంక్షన్ దగ్గర లాడ్జిల్లో ఉన్నోళ్ళెవరికైనా ఈ సీను వివరించక్కర్లేదు.

ఇందులో కూడా పాత్ర నటిస్తోంది చూడండి. డబ్బులేనోడు డబ్బున్నోడిలాగ నటిస్తున్నాడు. కానీ ఇక్కడ అతను చూపించడం కాదు, దాచుకోవాలి. అందుకని నటన చిన్నదైపోయింది. ఆకలి రాజ్యంలో ఆ కుర్రాడి అబద్ధం చెవులకి చేరాలి, గోడ దాటి వినపడాలి, అందుకని చప్పుడెక్కువ. పుష్పకంలో అబద్ధం కంటికి దొరక్కూడదు, అందుకని భుజం కొంచెం వెనక్కి, నడక కొంచెం నెమ్మది, అంతే. అమల కనపడినప్పుడు మాత్రం ఆ డబ్బున్నోడి వేషం జారిపోయి పాత కుర్రాడు బయటికొస్తాడు, నేను ఆ చోట్లు మూడుసార్లు వెనక్కి తిప్పి చూశాను, ఇంటర్నెట్ మధ్యలో పోయింది, అది వేరే కథ.

ఇంకో చిన్న విషయం, చాలామంది మర్చిపోయేది. గొంతు. అనువాద సినిమాల్లో కమల్‌కి ఎక్కువగా డబ్బింగ్ చెప్పింది ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు, 1976 మన్మథలీల తెలుగు డబ్బింగుతో మొదలైంది ఆ వరస. 2008లో దశావతారం వచ్చేసరికి కమల్ వేసిన పది పాత్రల్లో ఏడింటికి ఆయన గొంతే, ముసలావిడతో సహా. కాబట్టి డబ్బింగ్ సినిమా చూసి "ఆ డైలాగ్ ఎంత బాగా చెప్పాడ్రా కమల్" అంటే సగం మార్కులు బాలుగారికి వెళ్ళాలి. రాసేటప్పుడు "ముఖంతో ఇలా చేశాడు" "గొంతు ఇలా పలికింది" అని రెండు వేరు వేరు వాక్యాలు రాసుకోండి. పుష్పక విమానంలో ఆ గొడవే లేదు, అందుకే మొదటిసారి ప్రాక్టీసుకి అది పెట్టాను.

దశావతారం అన్నాను కాబట్టి ఒక మాట, కమల్ ఎక్కువ చేశాడు అని నేను ఒప్పుకునే సినిమా అది. అంత మేకప్ ముఖం మీద అతికించాక కళ్ళు తప్ప ఏం మిగులుతుంది, ఆ మిగిలినదానితో పది మందిని చూపించాలంటే ఒళ్ళంతా ఊపాల్సిందే. మా బావకి అదే చాలా ఇష్టం, విచిత్రం.

నటిస్తున్న మనిషిని నటించడం అనేది కమల్ తెలుగు సినిమాల్లో వెతికితే చాలా దొరుకుతుంది. మరో చరిత్ర, 1978, మన వైజాగ్‌, భీమిలిల్లోనే తీశారు, అందులో లిఫ్టు ఆగిపోయినప్పుడు సరితని నవ్వించడానికి సినిమా పేర్లన్నీ గుచ్చి పాట పాడతాడు. ఆ పాటలో గెంతులు ఎక్కువ అంటే, అవును ఎక్కువే, అలిగిన అమ్మాయిని నవ్వించాలనుకునే కుర్రాడు తక్కువ చేస్తాడేటి? అదే డైరెక్టర్, అదే బీచ్, కానీ సరితకి దూరంగా ఉన్న సీన్లలో చూపించడానికి ఎదురుగా ఎవరూ లేరు, అక్కడ చూడండి ఎంత తగ్గిపోతాడో. సాగర సంగమంలో బావి గట్టు మీద తాగి ఆడే పాట ఉంది కదా, అంతా ఆ డాన్సు గురించే మాట్లాడతారు, నాకు మాత్రం చివర్లో వానకి జయప్రద బొట్టు కరిగిపోకుండా చెయ్యి అడ్డం పెట్టడమే గుర్తుంటుంది. అంత గెంతి, అంత తూలి, చివరికి ఒక్క అరచెయ్యి.

ఇది చెప్పాక మా బావ చేత మళ్ళీ రాయించాను. ఈసారి వచ్చింది ఇది, తప్పులు సరిచెయ్యకుండా పెడుతున్నాను: "ఆకలి రాజ్యంలో కంచాల దగ్గర కమల్ ఎక్కువ చేసాడు అనుకున్నాను, ఆకలిని దాచడానికి ఆ కుర్రాడే ఎక్కువ చేస్తున్నాడు. పుష్పకంలో దొరికిపోతానని భయం ఉంది అందుకని తక్కువ చేసాడు. ఇంటర్వూలో కోప్పడే చోట మాత్రం నాకు ఇప్పటికీ ఎక్కువే అనిపించింది, అక్కడ ఎవర్నీ మోసం చెయ్యక్కర్లేదు కదా." మూడోది చూశారా, నాతో ఒప్పుకోలేదు, కానీ ఇప్పుడు వాదించుకోవడానికి ఒక చోటు దొరికింది. ఆ రాత్రి ఆకలి రాజ్యంలోని ఆ ఇంటర్వ్యూ మీదే పన్నెండింటి దాకా కొట్టుకున్నాం, అక్క లైటు తీసేసింది.

హోంవర్కు. ఇంద్రుడు చంద్రుడు చూడండి, 1989, సురేష్ కృష్ణ డైరెక్షన్. మేయర్ రాయుడుగా కమలే, ఆ రాయుడిలా నటించడానికి వచ్చిన చంద్రంగానూ కమలే. అంటే కమల్ చంద్రంగా నటిస్తూ, ఆ చంద్రం రాయుడిగా నటిస్తుంటాడు. నిజం రాయుడెక్కడ, వేషం రాయుడెక్కడ అని కాగితం మీద రెండు గళ్ళు గీసి, సీనుకో టిక్కు పెట్టుకుంటూ వెళ్ళండి. వేషంలోంచి చంద్రం తొంగిచూసిన చోట్లు కనీసం మూడు పట్టుకోవాలి, చెయ్యి ఎక్కడుంది, పొట్ట ఎలా మోస్తున్నాడు, ఆ పళ్ళతో మాట ఎలా వస్తోంది, ఇవి రాయండి. ఇంట్లో ఎవరో ఒకర్ని పక్కన కూర్చోబెట్టుకోండి, "ఓవరాక్షన్" అనేవాళ్ళయితే ఇంకా మంచిది.

5వ పాఠంలో ఇదే కాగితం పట్టుకుని స్వాతిముత్యం శివయ్య దగ్గరికి వెళ్దాం, అతనికి నటించడమే రాదు.