చున్నీ, స్కార్ఫ్ కట్టు – 3వ పాఠం: నూలు చున్నీకి కుచ్చిళ్లు

పోయిన పాఠంలో బట్ట కొలతలు చూశాం. ఈసారి 2.25 మీటర్ల పొడవు, 90 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న నూలు చున్నీ తీసుకోండి. శ్రీకాకుళం వైపు వాళ్లకైతే పొందూరు ఖద్దరే మేలు. అక్కడ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేస్తారు. అందుకే అంత సన్నని, నున్నని నూలు వస్తుంది. అయితే ఎంత సన్నని నేతైతే పిన్నీసు దానికి అంత చేటు. ఈ పాఠమంతా ఆ సంగతి గుర్తుంచుకునే చేయాలి.

కొత్త చున్నీని ముందు ఒకసారి చన్నీళ్లలో ఉతకండి. ఖద్దరు మొదటి ఉతుకులో కాస్త కుంచించుకుంటుంది. ఆ తర్వాత రెండు లీటర్ల నీళ్లలో ఒక గ్లాసు గంజి కలిపి, చున్నీ ముంచి, నీడన ఆరేయండి. కొద్దిగా తడి ఉండగానే ఇస్త్రీ చేయాలి. గంజి చిక్కగా పెడితే కుచ్చిళ్లు అట్టముక్కల్లా నిలబడి భుజం మీద కూర్చోవు. అసలు పెట్టకపోతే గంటలోనే నలిగి తాడులా అయిపోతాయి.

కుచ్చిళ్లు గాలిలో పట్టుకుని వేయకండి, మంచం మీద పరిచి వేయండి. పొడుగు అంచు ఒకదాని నుంచి మొదలుపెట్టి వెడల్పులో 10 సెంటీమీటర్లకు ఒక మడత, ఒకటి ఇటు, ఒకటి అటు. మొత్తం తొమ్మిది పొరలు రావాలి. ఎనిమిదో పదో వస్తే రెండు అంచులూ ఒకే పక్కకు చేరతాయి. అంచు నేత మందం కనుక బరువు ఆ పక్కకే లాగి, చున్నీ భుజం మీంచి జారిపోతుంది. ఎక్కువమంది పిన్నీసును తప్పుపడతారు గానీ అసలు దోషం ఈ లెక్కలోనే ఉంటుంది. మడతలు కదలకుండా రెండు కొసలకూ బట్టల క్లిప్పులు పెట్టండి.

ఇప్పుడు ఎడమ భుజం మీద వేసుకోండి. ముందు కొస మోకాలి కిందకు బెత్తెడు దిగితే చాలు, మిగిలినది వెనక్కి. ముందు భాగం ఇంకా పొడవైతే మెట్లెక్కేటప్పుడు కాలికింద పడుతుంది. భుజం దగ్గర పొరలన్నీ కలిపి అడుగు నుంచి ఒక చిన్న పిన్నీసు. రెండోది కుర్తా భుజం కుట్టుకు అంగుళం వెనకగా, అడుగున ఉన్న మూడు పొరలకు మాత్రమే. పిన్నీసుకూ బట్టకూ మధ్య గోరంత గుడ్డముక్క పెడితే పోగులు విడిపోవు. పిన్నీసు మూసే ముందు చెయ్యి పైకెత్తి చూడండి. బట్ట బిగుసుకుంటే వేలెడు వదులివ్వాలి. చెయ్యి దించి బిగించేసినవాళ్లకు బస్సులో పైకమ్మీ పట్టుకోగానే అక్కడే చిరుగుతుంది.

బండి మీద వెళ్లేవాళ్లకు మాత్రం ఈ కట్టు పనికిరాదు. కుచ్చిళ్లు విప్పి, రెండు కొసలూ ముందుకు తెచ్చి నడుం దగ్గర గట్టిగా ముడి వేసుకోవాలి. ముఖ్యంగా వెనక కూర్చునేవాళ్లు. వేలాడే కొస చక్రంలో చుట్టుకుంటే మెడకు బిగుసుకుంటుంది, మనిషే కిందపడతారు. బయల్దేరే ముందు ఒక్కసారి చేత్తో తడిమి చూసుకోవడం అలవాటు చేసుకోండి. ఎండకు ముఖానికి స్కార్ఫ్ కట్టేవాళ్లు ముడిని మెడ వెనక కాక చెవి కింద పక్కకు వేయండి. వెనక ముడి హెల్మెట్ అంచుకు తగిలి నొక్కుతుంది, హెల్మెట్ కూడా సరిగ్గా దిగదు.

ఈ వారం అభ్యాసం: అద్దం లేకుండా తొమ్మిది పొరలు వేసి, పిన్నీసులు పెట్టి, ఇంట్లో అరగంట పని చేయండి. కుచ్చిళ్లు మెడవైపు జరిగితే రెండో పిన్నీసు మరీ ముందుకు పడిందన్నమాట. కిందినుంచి విచ్చుకుంటే గంజి చాలలేదు. వచ్చే పాఠంలో జార్జెట్, షిఫాన్ లాంటి జారే బట్టలు. వాటికి ఈ మడతలు నిలవవు, పద్ధతే వేరు.