ఏళ్ల తరబడి మూలన పడ్డ పాత ఔట్‌బోర్డ్ మోటార్‌ను మళ్లీ నడిపించడం ఎలా?

పడవ వెనక తగిలించే పాత ఔట్‌బోర్డ్ మోటార్ చేతికి రాగానే అందరూ చేసే మొదటి పని స్టార్టర్ తాడు లాగడం. దయచేసి లాగకండి. సిలిండర్ గోడల మీద నూనె పొర ఎప్పుడో ఆరిపోయి ఉంటుంది, పిస్టన్ రింగులు తుప్పుకి పట్టేసి ఉండొచ్చు. నీటి పంపులోని రబ్బరు ఇంపెల్లర్ (నీటిని తోసే రెక్కల చక్రం) గట్టిపడిపోయి ఉంటుంది. అది ఎలాగూ మార్చేదే కదా అంటారు. నిజమే, కానీ విరిగిన రెక్క ముక్కలు నీటి దారుల్లోకి ఎక్కితే వాటిని బయటికి తీయడం నరకం.

ఇక్కడ చెప్పే కొలతలు 1950లు, 60ల నాటి జాన్సన్, ఎవిన్‌రూడ్ కంపెనీల చిన్న రెండు సిలిండర్ల మోటార్లవి. వేరే మోటార్‌కి కొలతలు మారతాయి గానీ పని వరుస ఇదే.

స్పానర్లు, ఫీలర్ గేజ్ (సన్నటి సందు కొలిచే రేకులు), కంప్రెషన్ గేజ్ (సిలిండర్లో ఒత్తిడి కొలిచేది), మూడు బోల్టుల ఫ్లైవీల్ పుల్లర్ (మోటార్ నెత్తిన ఉండే బరువైన చక్రాన్ని ఊడదీసేది), కార్బొరేటర్ క్లీనర్, గేర్ ఆయిల్, కొత్త ఇంపెల్లర్, ప్లగ్గులు, కాయిల్స్ సిద్ధం చేసుకోండి.

1. ముందు గేర్ రాడ్డు జోడింపు విప్పి, కింది గేర్ భాగాన్ని మోటార్ నుంచి వేరు చేయండి. ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండర్లో రెండు చెంచాల టూ స్ట్రోక్ ఆయిల్ పోసి రాత్రంతా వదిలేయండి. మర్నాడు ఫ్లైవీల్‌ను చేత్తో సవ్యదిశలో తిప్పండి. కదలకపోతే ఇంకాస్త నూనె, ఇంకాస్త ఓపిక. నట్టుకి స్పానర్ తగిలించి, దానికి పొడుగాటి పైపు తొడిగి బలం చూపించకండి. తిరిగాక కంప్రెషన్ గేజ్ పెట్టి చూడండి. అంకె ఎంత వచ్చిందన్నదాని కన్నా రెండు సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. అది పది శాతం లోపు ఉంటే ముందుకెళ్లొచ్చు.

2. ఇప్పుడు స్పార్క్. చాలామంది కార్బొరేటర్‌తో మొదలుపెట్టి, దాన్ని మూడుసార్లు విప్పి బిగించి, ఆఖరికి తప్పు పాయింట్లదని తేల్చుకుంటారు. పాయింట్లు (కరెంటును తెంచి స్పార్క్ పుట్టించే చిన్న స్విచ్‌లు), కాయిల్స్, కండెన్సర్లు అన్నీ ఫ్లైవీల్ కిందే ఉంటాయి. దాన్ని తీయడంలోనే మోటార్లు పాడవుతాయి.

ఫ్లైవీల్ నట్టును పూర్తిగా తీయకండి. క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) కొసతో సమానంగా వచ్చేదాకా వదులు చేసి అక్కడే ఉంచండి, మరలు దెబ్బతినవు. పుల్లర్ బోల్టులు ఫ్లైవీల్ మీద ఉన్న మూడు మరల రంధ్రాల్లోకే వెళ్లాలి. అంచుకు కొక్కేలు తగిలించి లాగే పుల్లర్ వాడితే ఫ్లైవీల్ వంగుతుంది. బోల్టులు మరీ లోతుకు దిగితే కింద కాయిల్‌ను పొడుస్తాయి. మూడూ సమానంగా దిగాక నడిమి స్క్రూ బిగించి, దాని తల మీద సుత్తితో ఒక్కసారి గట్టిగా కొట్టండి. టపాకాయ పేలినట్టు చప్పుడు చేసి ఊడుతుంది. ఊడకపోతే ఇంకొంచెం బిగించి మళ్లీ కొట్టండి. ఫ్లైవీల్‌ను మాత్రం నేరుగా సుత్తితో కొట్టకూడదు, అయస్కాంతాలు పగులుతాయి. క్రాంక్ గాడిలోని చిన్న కీ ఎగిరి పడిపోకుండా వెంటనే తీసి దాచండి.

ఆ కాలపు కాయిల్స్ పైపూత దాదాపు ఎప్పుడూ పగిలే ఉంటుంది. ఒకటి బాగున్నట్టు కనిపించినా రెండూ మార్చండి. కొత్తవి బిగించేటప్పుడు కాయిల్ ఇనుప రేకుల అంచు, దాన్ని పట్టుకునే దిమ్మల అంచుతో సమానంగా ఉండాలి. బయటికి జరిగితే ఫ్లైవీల్‌కు రాసుకుంటుంది, లోపలికి జరిగితే స్పార్క్ బలహీనపడుతుంది.

పాయింట్లను ఆకురాయితో రుద్దకండి, ముఖం గరుకుదేరి త్వరగా కాలిపోతుంది. 400 నంబరు సాండ్‌పేపర్ ముక్కను మడిచి రెండుసార్లు లాగి, తర్వాత ఎసిటోన్‌లో తడిపిన దళసరి కాగితం ముక్కను పాయింట్ల మధ్య నుంచి లాగండి. కాగితానికి నల్లటి గీత అంటడం ఆగేదాకా ఇలా చేయాలి. పాయింట్లు పూర్తిగా తెరుచుకున్న చోట ఎడం 0.020 అంగుళం, అంటే అర మిల్లీమీటరు. ఫీలర్ గేజ్ రేకుకు నూనె ఉంటుంది, ముందు దాన్ని తుడవండి. ఆ కాస్త జిడ్డు పాయింట్లకు అంటితే చేసిన పనంతా వృథా.

ఫ్లైవీల్ తిరిగి పెట్టేటప్పుడు క్రాంక్ వాలు భాగం పొడిగా, శుభ్రంగా ఉండాలి. గ్రీజు రాయకూడదు. నట్టు వదులుగా ఉంటే కీ తెగి టైమింగ్ తప్పుతుంది, కాబట్టి టార్క్ రెంచ్‌తో మీ మోడల్‌కు చెప్పినంత బిగించండి. ఇప్పుడు ప్లగ్గులు పెట్టకుండానే తాడు లాగి చూస్తే, ప్లగ్గు తీగ కొసకూ మోటార్ లోహానికీ మధ్య స్పార్క్ 6 మిల్లీమీటర్ల ఖాళీని దూకాలి. దగ్గర్లో పెట్రోల్ ఉండకూడదు.

3. కార్బొరేటర్ విప్పి, రబ్బరు, కార్క్ భాగాలు తీసి, మిగతాది క్లీనర్‌లో నానబెట్టండి. జెట్లలోంచి (పెట్రోల్ వెళ్లే సన్నటి రంధ్రాలు) గాలి ఊది వెలుతురు కనబడుతుందో లేదో చూడండి. కార్క్ ఫ్లోట్ (పెట్రోల్ మీద తేలే బెండు) పెట్రోల్ పీల్చి బరువెక్కి ఉంటే కొత్తది వేయడమే.

4. ఇంపెల్లర్‌ను సబ్బు నీళ్లతో తడిపి, షాఫ్ట్‌ను సవ్యదిశలో తిప్పుతూ కప్పులోకి దించండి. గేర్ భాగాన్ని తిరిగి ఎక్కించేటప్పుడు షాఫ్ట్ పళ్ల పక్కలకే గ్రీజు రాయాలి, కొసన పెడితే క్రాంక్‌ను పైకి నెడుతుంది. గేర్ ఆయిల్ పాలలా తెల్లగా వస్తే సీళ్లు పోయినట్టు. కొత్త నూనెను కింది రంధ్రం నుంచి ఎక్కించి, పై రంధ్రంలోంచి కారేదాకా నింపండి. కొన్ని మోడళ్లలో కింది ప్లగ్ పక్కనే స్టార్ స్క్రూ ఒకటి ఉంటుంది. దాన్ని ముట్టుకోకండి. అది గేర్ మార్చే అమరికది, ఊడదీస్తే గేర్ పెట్టె మొత్తం విప్పాల్సిందే.

5. వీటిలో 1963 దాకా వచ్చిన మోటార్లకు 24:1 మిశ్రమం, లీటరు పెట్రోల్‌కు 42 మిల్లీలీటర్ల టీసీ-డబ్ల్యూ3 రకం (పడవ మోటార్ల టూ స్ట్రోక్) ఆయిల్. 50:1 చాలన్న సలహా 1964 నుంచి వచ్చిన చాలా మోడళ్లకు సంబంధించింది, పాతవాటికి కాదు. ఆరుబయట పెద్ద డ్రమ్ములో నీటి పంపు మునిగేలా దించి, న్యూట్రల్‌లో స్టార్ట్ చేయండి. కార్బొరేటర్ స్లో నీడిల్‌ను (తక్కువ వేగంలో పెట్రోల్‌ను సరిచేసే మర) మెల్లగా మూసి ఒకటిన్నర చుట్టు తెరిచి మొదలుపెట్టండి, మోటార్ వేడెక్కాక సరిదిద్దండి. నిమిషంలోగా నీళ్లు బయటికి రాకపోతే వెంటనే ఆపేయండి. ఆపేటప్పుడు పెట్రోల్ పైపు పీకేసి, కార్బొరేటర్ ఖాళీ అయ్యేదాకా దానంతట అదే ఆగనివ్వండి.