ప్లాస్టిక్ మోడల్ కిట్లు, 5వ పాఠం: రంగు దించి మళ్లీ మొదలుపెట్టడం

ఈసారి డెకాల్స్ (నీళ్లలో నానబెట్టి అంటించే గుర్తులు) గురించి చెప్పాల్సింది. మీరు పంపిన ఫొటోలు చూశాక దాన్ని వాయిదా వేయక తప్పలేదు. చాలా స్పిట్‌ఫైర్ విమానాల రెక్కల మీద రంగు గట్లు కట్టింది, ప్యానెల్ గీతలు (రేకుల అతుకుల్ని చూపే సన్నటి గాట్లు) పూడిపోయాయి. కారణం ఒకటే: టామియా ఎక్స్‌ఎఫ్ (మెరుపులేని అక్రిలిక్) రంగు మీద గంట తిరక్కుండానే రెండో కోటు వేశారు. ఆ రంగులోని ఆల్కహాల్ కింది కోటును మళ్లీ కరిగిస్తుంది, బ్రష్ దాన్ని ఈడ్చుకుపోతుంది. చేతికి అంటకపోయినా సరే, ఒక రోజు ఆగాలి. ఇప్పుడు మూడో కోటుతో సర్దుదామని చూడకండి, దించేయండి.

ముందు అది ఏ రకం రంగో తేల్చుకోండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన ఇయర్‌బడ్‌తో రెక్క అడుగున రుద్దండి. రంగు వెంటనే బడ్‌కి అంటితే అక్రిలిక్ అనుకోవచ్చు. ఎనామెల్ అంత తేలిగ్గా లొంగదు, దాన్ని రాత్రంతా బ్రేక్ ఆయిల్‌లో నానబెట్టాలి. డాట్ 3 రకం కొనండి. డాట్ 5 సిలికాన్, దానితో రంగు రాదు. గ్లవ్స్ తప్పనిసరి. హార్డ్‌వేర్ షాపు ఎన్‌సీ థిన్నర్, అసిటోన్ జోలికి మాత్రం పోవద్దు. అవి రంగుతోపాటు కిట్ ప్లాస్టిక్ అయిన పాలీస్టైరీన్‌నీ కరిగిస్తాయి.

అక్రిలిక్‌కి నేను వాడేది ఐసోప్రొపైలే. మూత గట్టిగా పట్టే గాజు సీసాలో రెండు మూడు గంటలు ఉంచి, పాత టూత్‌బ్రష్‌తో తోమితే చాలు. పొయ్యి దగ్గర వద్దు. కాక్‌పిట్ అద్దం అందులో వేయకండి, సన్నటి పగుళ్లు వస్తాయి. సూపర్‌గ్లూతో అతికించినవి ఊడొచ్చు. ప్లాస్టిక్‌ని కరిగించి అతికే మోడల్ సిమెంటుతో అతికించినవి నిలుస్తాయి.

చాలామంది ఇంట్లో ఉంది కదా అని డెటాల్ వాడారు. గోధుమరంగు యాంటీసెప్టిక్ డెటాల్ అక్రిలిక్‌ని బాగానే దించుతుంది, కానీ నీళ్లు కలపకుండా వాడాలి. అందరూ బోల్తా పడింది ఇక్కడే. ముక్కను సీసాలోంచి తీసి నేరుగా కొళాయి కింద పెట్టారు. డెటాల్‌లో నీళ్లు పోస్తే పాలలా తెల్లబడటం చూశారు కదా, అందులోని నూనె విడిపోయి చేసే పని అది. మెత్తబడ్డ రంగు ఆ నూనెతో కలిసి బంకలా మారి ప్యానెల్ గీతల్లో ఇరుక్కుంటుంది. ఆ బంకను నీళ్లతో కడిగేకొద్దీ ఇంకా పట్టేస్తుంది. తడి టూత్‌బ్రష్ వాడినా, తడి చేతులతో ముట్టుకున్నా అదే గతి. అంతా పొడిగా ఉండాలి. రంగు మొత్తం డెటాల్‌లోనే తోమేయాలి, తర్వాత మరో గిన్నెలోని కొత్త డెటాల్‌లో ముంచి తీయాలి, టిష్యూతో అద్దాలి. ఆపైన నీళ్లు కలపని డిష్‌వాష్ లిక్విడ్ పట్టించి రుద్దాలి. నీళ్లు అన్నిటికంటే చివర. ఇప్పటికే బంకైపోతే, ముక్కను పూర్తిగా ఆరబెట్టి, కొత్త డెటాల్‌లో అరగంట ఉంచి మళ్లీ తోమండి.

కడిగేటప్పుడు సింకులో టీ జల్లెడ పెట్టుకోండి. 1/72 స్కేలు పిటో ట్యూబ్ (రెక్క కింద ఉండే సన్నటి గొట్టం) కాలువలోకి పోతే దొరకదు.

అభ్యాసం: విడిభాగాలు అతుక్కుని వచ్చే అదే కిట్ ఫ్రేమ్‌ నుంచి నాలుగు ముక్కలు కోసి, మూడింటికి రెండేసి కోట్లు వేసి వారం ఆరనివ్వండి. రంగు వేసినవాటిని మీరు ఎంచుకున్న ద్రవంలో వరుసగా 1 గంట, 6 గంటలు, 24 గంటలు ఉంచండి. తోమి కడిగాక ఒక్కోదాన్ని వంచి, రంగు వేయని నాలుగో ముక్కతో పోల్చండి. ఏదైనా దానికంటే ముందే పుటుక్కున విరిగితే, ఆ కిట్ ప్లాస్టిక్‌ని ఆ ద్రవంలో అంతసేపు ఉంచకూడదు. ఈ ఫలితం రాసుకున్నాకే రెక్కను సీసాలో వేయండి.