ఫోనులో నర్సింగ్ – మూడో పాఠం: ఆయాసాన్ని చెవితో పట్టుకోవడం

రెండో పాఠం చివర ఇచ్చిన అభ్యాసం చేశారా? ఫోను ఎత్తగానే రోగి పేరు, మళ్లీ మనం చేయడానికి నంబరు, ఆ క్షణాన రోగి ఉన్న చోటు. ఈ మూడూ రాసుకున్నాకే మిగతా మాట. లైను తెగినా, అవతలి మనిషి స్పృహ తప్పినా మన చేతిలో మిగిలేవి అవే. ఇది ఇంకా నాలుకకు అలవాటు కాలేదంటే మరో వారం దాని మీదే ఉండండి. ఈ పాఠం ఎక్కడికీ పోదు.

ఇక ఆయాసం. వార్డులో ఏళ్ల తరబడి పనిచేసిన నర్సుకు ఆయాసం గురించి కొత్తగా నేర్పేదేముంది అనిపిస్తుంది. కానీ వార్డులో మనం ఆయాసాన్ని అడిగి తెలుసుకోం, చూసి తెలుసుకుంటాం. మంచం దగ్గరికి నడిచేలోపే ఎగసిపడే భుజాలు, విచ్చుకునే ముక్కుపుటాలు, పెదవుల రంగు అన్నీ కంటపడతాయి. ఫోనులో అవేవీ ఉండవు. కంటికి ఉన్న అనుభవం దానంతటదే చెవికి రాదు. దానికి వేరే సాధన కావాలి. టెలిహెల్త్‌లో, అంటే ఫోను ద్వారా వైద్య సలహా ఇచ్చే పనిలో, చేరిన నర్సుకు కంప్యూటర్‌లో ఏ మీట నొక్కాలో రోజుల తరబడి నేర్పి, వినడం ఎలాగో ఒక్క గంటైనా నేర్పకుండా కుర్చీలో కూర్చోబెట్టడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

నా తొలి నెలల్లో ఒకరోజు ఒకాయన తన తండ్రి గురించి ఫోను చేశారు. "కొంచెం ఆయాసంగా ఉందంటున్నారు, పెద్దగా ఏమీ లేదు" అన్నారు. నేను ఆ "కొంచెం" అనే మాటను అలాగే రాసుకుని, సాయంత్రంలోగా డాక్టరుకు చూపించమన్నాను. ఆ కాల్ రికార్డును మా సీనియర్ సిస్టర్ నా పక్కన కూర్చుని వినిపించారు. కొడుకు మాటల వెనక తండ్రి గొంతు ఉంది. "మంచి... నీళ్లు... ఇవ్వరా" అంటున్నారు. మూడు మాటలకు మూడు శ్వాసలు. నేను ఫోనులో ఉండగానే ఆ గొంతు వినిపించింది, నేను వినలేదు. వెంటనే తిరిగి ఫోను చేసి అంబులెన్సు పంపించాం. ఆయన కోలుకున్నారు. ఆ రోజు నుంచి నేను పాటిస్తున్నవే ఈ పాఠంలో చెబుతున్నాను.

మొదట ఆ మాటను విప్పండి. మన వాళ్ల నోట "ఆయాసం" అంటే చాలా అర్థాలున్నాయి. నడిచి వచ్చిన అలసట ఆయాసమే, కడుపు నిండా తిన్నాక వచ్చేది భుక్తాయాసం, నీరసాన్నీ కొందరు అదే మాటతో చెబుతారు. "ఊపిరి అందడం లేదా, ఒంట్లో ఓపిక లేదా?" అని సూటిగా అడగండి. తర్వాత, "నిన్న ఈ వేళకు చేయగలిగి ఇవాళ చేయలేకపోతున్న పని ఏమిటి?" అని అడగండి. "నిన్న స్నానానికి తనే వెళ్లారు, ఇవాళ మంచం దిగలేదు" అనే జవాబు పదికి ఎన్ని మార్కుల ఆయాసం అని అడిగి రాబట్టే అంకె కంటే ఎంతో విలువైనది.

రెండోది, ఫోను రోగి చేతికి ఇప్పించండి. మాట్లాడగల స్థితిలో ఉన్న ఏ రోగితోనైనా స్వయంగా మాట్లాడకుండా కాల్ ముగించకండి. "అవును", "కాదు" అని తేలిపోయే ప్రశ్నలు వద్దు. "పొద్దున లేచినప్పటి నుంచి ఎలా ఉందో చెప్పండి" అని వదిలేసి మీరు నోరు మెదపకండి. ఒక్క ఊపిరిలో ఎన్ని మాటలు వస్తున్నాయో లెక్కపెట్టండి. వాక్యం పూర్తి చేయలేకపోతున్నారంటే ప్రశ్నలు అక్కడితో ఆపి అత్యవసర సేవలను పిలవాలి. పెదవులు నీలంగా మారడం, మత్తుగా ఉండటం, ఛాతీ నొప్పి తోడవడం కూడా అంతే. ఆస్తమా రోగికి ఇంతసేపూ వినిపించిన పిల్లికూతలు హఠాత్తుగా ఆగిపోయి, మనిషి ఇంకా రొప్పుతూనే ఉంటే ఊరట పడకండి. గాలి ఆడటమే తగ్గిపోయి ఉండవచ్చు.

అలాంటి ప్రమాద సూచనలు లేనప్పుడే శ్వాసలు లెక్కించడానికి సమయం తీసుకోవాలి. గడియారం మీ దగ్గరే ఉండాలి. ఇంట్లో వాళ్ల పని శ్వాసను చూడటం ఒక్కటే. నేనిలా చెబుతాను:

"అమ్మా, మీ వారికి చెప్పకుండా కొంచెం దూరంగా నిలబడండి. ఆయన పొట్ట, ఛాతీ పైకి లేచిన ప్రతిసారీ నాకు మెల్లగా ఊ కొట్టండి. నేను చాలు అనేదాకా ఆపకండి."

"ఊ... ఊ... ఊ..."

పూర్తిగా 60 సెకన్లు. 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే, ఒక్క ఊ తప్పినా లెక్కలో నాలుగు తేడా వస్తుంది. తన శ్వాసను లెక్కిస్తున్నారని తెలిస్తే మనిషి శ్వాస తీరు మారిపోతుంది, అందుకే చెప్పకుండా చూడమనడం. విశ్రాంతిగా ఉన్న పెద్దవాళ్లలో నిమిషానికి 12 నుంచి 20 మామూలు. 25, అంతకు మించి ఉంటే మిగతావి ఎంత బాగున్నా ఆలస్యం చేయకుండా పరీక్ష చేయించాలి. 8, అంతకు తక్కువ అయినా అంతే ప్రమాదం.

పసిపిల్లలకు ఇంకా జాగ్రత్త కావాలి. ఏడుస్తున్నప్పుడు, పాలు తాగుతున్నప్పుడు లెక్కించవద్దు. చొక్కా పైకి తీయించి చూడమనండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం రెండు నెలల లోపు బిడ్డకు 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు 40, ఈ అంకెలను చేరినా, దాటినా అది వేగమైన శ్వాసే. తల్లిని "రిట్రాక్షన్లు ఉన్నాయా" అని అడిగితే ఏం చెబుతుంది? "డొక్కలు ఎగరేస్తున్నాడా?" అనండి, వెంటనే చూసి చెబుతుంది.

నేర్చుకున్నదాన్ని వదులుకోవడం కూడా చదువే. ఒక్క ఊపిరిలో ఒకటి నుంచి 30 దాకా లెక్కపెట్టమనే పరీక్ష కరోనా తొలి రోజుల్లో బాగా ప్రచారమైంది. ఫోనులో దానిని నమ్మడానికి తగిన ఆధారం లేదని, ప్రమాదంలో ఉన్నవారిని కూడా బాగానే ఉన్నారని చూపించవచ్చని ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2020లోనే హెచ్చరించారు. మీకు అది అలవాటై ఉంటే మానేయండి. వేలికి పెట్టే ఆక్సిమీటర్ సంగతీ చూడండి. చల్లబడిన వేళ్లు, గోళ్ల రంగు అంకెను మారుస్తాయి. చర్మం రంగు ముదురుగా ఉన్నవారిలో ఉన్నదానికంటే ఎక్కువ చూపే అవకాశమూ ఉంది. అంకె బాగుండి గొంతు బాగాలేకపోతే నేను గొంతునే నమ్ముతాను.

రికార్డులో "ఆయాసం స్వల్పం" అని రాయకండి. "మూడు మాటలకోసారి ఆగుతున్నారు, శ్వాస నిమిషానికి 26, భార్య లెక్కించారు" అని రాయండి. తర్వాత ఆ కాల్ తీసుకునే నర్సుకు మీ అభిప్రాయం కంటే మీరు విన్నది అవసరం.

ఈ వారం అభ్యాసానికి ఒక సహోద్యోగి కావాలి. ఇద్దరూ వీపులు ఆనించినట్టు అటూ ఇటూ తిరిగి కూర్చోండి. ఒకరు మామూలుగా ఒక పేరా చదవాలి. తర్వాత మూడు అంతస్తుల మెట్లు వేగంగా ఎక్కి దిగి వచ్చి అదే పేరా చదవాలి. చదివేవారు ఊపిరి తీసుకున్న ప్రతిచోటా రెండోవారు కాగితం మీద గీత పెట్టాలి. రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఇది మూడు రోజులు చేశాక, మీ సంస్థ నియమాలు అనుమతిస్తే మీ పాత కాల్ రికార్డు ఒకటి తెప్పించుకుని వినండి. మొదటిసారి మీ ప్రశ్నల మీద దృష్టి పెట్టవద్దు. రోగి గొంతును, వెనక వినిపించే గొంతులను మాత్రమే వినండి. అప్పుడు మీరు రాసిన రికార్డును తీసి, అందులో లేనివాటిని ఎర్ర సిరాతో చేర్చండి.

ఆ ఎర్ర సిరా కాగితాన్ని పారేయకండి. నాలుగో పాఠం ఛాతీ నొప్పి మీద, దానితోనే మొదలుపెడదాం.