వార్డులోని కాగితాలతోనే వైద్య ఇంగ్లిష్ చదవడం ఎలా?

వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి వచ్చే పేషెంటు తన బాధను తెలుగులో, అదీ తెలంగాణ తెలుగులో చెప్పుకుంటాడు. అదే బాధ కేసు షీటులోకి ఎక్కేసరికి ఇంగ్లిష్ అవుతుంది. మందు డబ్బా మీదా, ల్యాబ్ రిపోర్టులోనూ, డిశ్చార్జ్ సమ్మరీలోనూ ఇంగ్లిషే. ఈ రెండింటి మధ్య నిలబడేది స్టాఫ్ నర్సు, ఏఎన్ఎం, ల్యాబ్ టెక్నీషియన్, ఫార్మసిస్టు. వీళ్లలో చాలామంది పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, జీఎన్ఎంలోనో బీఎస్సీ నర్సింగ్‌లోనో చేరాక లావుపాటి ఇంగ్లిష్ పుస్తకాల ముందు కూర్చున్నవాళ్లే.

హన్మకొండ, కరీంనగర్‌లలో స్పోకెన్ ఇంగ్లిష్ కోచింగులకు కొదవ లేదు. వాటిని తప్పుపట్టను. కానీ ఆరోగ్య రంగంలో ఉన్నవాళ్లు ముందు నేర్చుకోవాల్సింది చదవడం అని నా గట్టి నమ్మకం. మాటలో తడబడితే ఎదుటివాళ్లు మళ్లీ అడుగుతారు. మందు చీటీని తప్పుగా చదివితే అడిగేవాళ్లు ఉండరు. పైగా మీకు రోగం తెలుసు, మందు తెలుసు, పేషెంటు ఎట్లా ఉంటాడో తెలుసు. ఆ తెలివిడే మీ పెట్టుబడి. వ్యాకరణ పుస్తకం మొదటి పేజీ దగ్గర కాకుండా, మీ చేతిలో ఉన్న కాగితం దగ్గర మొదలుపెట్టండి.

1. రోజూ చూసే కాగితాలను చదివే పాఠంగా మార్చుకోండి

మీ డ్యూటీలో ఎక్కువగా కనిపించే నాలుగైదు రకాల కాగితాలు ఎంచుకోండి: అడ్మిషన్ నోట్, ట్రీట్‌మెంట్ చార్ట్, ల్యాబ్ రిపోర్టు, ఇంజెక్షన్ పెట్టెలో మడతపెట్టి ఉండే కాగితం, డిశ్చార్జ్ సమ్మరీ. అర్థం కాని మాటలను చిన్న నోట్‌బుక్‌లో రాసుకోండి. రోజుకు ఐదారు మాటలు చాలు.

ఒక్క జాగ్రత్త. కేసు షీటును ఫోన్‌తో ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టి అర్థం అడగొద్దు. పేషెంటు పేరు, ఊరు, రోగం బయటికి పోతాయి. మాటను మాత్రమే రాసుకోండి, మనిషిని కాదు.

2. పెద్ద మాటను ముక్కలు చేయండి

వైద్య పదాలు ఎక్కువగా గ్రీకు, లాటిన్ ముక్కలతో కట్టినవి. ఆ ముక్కలు ఓ యాభై అరవై వస్తే వందల మాటలు వాటంతటవే విడిపోతాయి.

చివర 'ఐటిస్' ఉంటే ఆ భాగంలో వాపు, మంట. 'హెపాట్' అంటే కాలేయం కాబట్టి హెపటైటిస్. 'నెఫ్ర్' అంటే మూత్రపిండం కాబట్టి నెఫ్రైటిస్. 'ఆర్థ్ర్' అంటే కీలు కాబట్టి ఆర్థ్రైటిస్. చివర 'ఎక్టమీ' ఉంటే ఆ భాగాన్ని కోసి తీసేయడం. 'ఓటమీ' అంటే కోత పెట్టడం. 'ఓస్టమీ' అంటే దారి తెరిచి ఉంచడం. ట్రాకియాటమీ, ట్రాకియాస్టమీ రెండూ వినడానికి దాదాపు ఒకటే. అందుకే స్పెల్లింగును కంటితో పట్టుకోవాలి.

'యూరియా' అన్న చివరి ముక్క మూత్రాన్ని చెప్తుంది. హెమటూరియా అంటే మూత్రంలో రక్తం. డిస్‌యూరియా అంటే మూత్రం పోయడంలో బాధ. పాలీయూరియా అంటే ఎక్కువ మూత్రం. ఆలిగూరియా అంటే తక్కువ, పెద్దవాళ్లలో రోజుకు సుమారు 400 మి.లీ. కంటే తక్కువ. అనూరియా అంటే దాదాపు లేనట్టే, 100 మి.లీ. కంటే తక్కువ. ఇన్‌టేక్ అవుట్‌పుట్ చార్ట్ రాసే నర్సుకు ఈ ఐదు మాటలు ఒకే కుటుంబంగా గుర్తుంటే మర్చిపోవడం కష్టం.

మందుల పేర్లకూ ఇలాంటి తోకలుంటాయి. రామిప్రిల్, ఎనలాప్రిల్ ఒక వర్గం. టెల్మిసార్టాన్, లోసార్టాన్ మరో వర్గం. అటెనొలాల్, మెటోప్రొలాల్ ఇంకొకటి. పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ కడుపులో యాసిడ్ తగ్గించేవి. అయితే తోకను చూసి గుడ్డిగా నమ్మొద్దు. అరిపిప్రజోల్ తోక కూడా అదే, కానీ అది మానసిక వైద్యంలో వాడే మందు. ముక్కలు ఊహకు దారి చూపిస్తాయి, ఖాయం చేసుకోవాల్సింది పుస్తకంలోనే.

ఒకటి రెండు అక్షరాల తేడాతో అర్థం తిరగబడే జంటలకు నోట్‌బుక్‌లో ప్రత్యేకంగా ఒక పేజీ పెట్టండి. హైపర్‌కలీమియా అంటే రక్తంలో పొటాషియం ఎక్కువ, హైపోకలీమియా అంటే తక్కువ. మామూలుగా అది లీటరుకు సుమారు 3.5 నుంచి 5 మిల్లీఈక్వివలెంట్లు ఉండాలి. ఎక్కువ ఉన్నవాళ్లకు తక్కువ అనుకుని పొటాషియం ఎక్కిస్తే గుండె ఆగిపోవచ్చు. డిస్‌ఫేజియాలో ఇంగ్లిష్ 'జి' ఉంటే మింగలేకపోవడం, అక్కడ 'ఎస్' ఉంటే మాట రాకపోవడం. పక్షవాతం వార్డులో రెండూ ఒకే పేషెంటుకు ఉండొచ్చు కాబట్టి ఇక్కడ మరింత జాగ్రత్త కావాలి.

3. తెలిసిన మాటలే మోసం చేస్తాయి, వాటిని పట్టుకోండి

కష్టమైన మాట ఎదురైతే ఆగి వెతుకుతాం. తెలిసిన మాట అయితే ఆగం, ప్రమాదం అక్కడే.

'పేషెంట్ డినైస్ చెస్ట్ పెయిన్' అని రాస్తే పేషెంటు మొండికేశాడని కాదు. ఛాతీలో నొప్పి లేదని చెప్పాడు, అంతే. 'అక్యూట్' అంటే తీవ్రమైనది అనుకుంటారు చాలామంది. అది హఠాత్తుగా మొదలైనదని చెప్పే మాట, ఎంత తీవ్రమో దానికది చెప్పదు. ఎక్స్‌రే రిపోర్టులో 'అన్‌రిమార్కబుల్' అని ఉంటే చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనిపించలేదని. 'టెండర్' అంటే నొక్కితే నొప్పి. 'డిశ్చార్జ్' ఇంటికి పంపడమూ కావొచ్చు, పుండు నుంచి కారే చీమూ కావొచ్చు, ముందూ వెనకా ఉన్న మాటలు చూసి తేల్చుకోవాలి.

'విత్‌హోల్డ్', 'డిస్‌కంటిన్యూ' కూడా అంతే. మొదటిది ప్రస్తుతానికి ఇవ్వకుండా ఆపి ఉంచమని, రెండోది ఆ మందును పూర్తిగా మానేయమని. డ్యూటీ మారేటప్పుడు ఈ తేడా అప్పజెప్పకపోతే తర్వాతి సిస్టర్ ఇవ్వాల్సిన మందు ఇవ్వకుండా వదిలేస్తుంది.

ములుగు, ఏటూరునాగారం, ఆదిలాబాద్ వైపు పనిచేసే ఏఎన్ఎంలకు ఇంకో మాట ముఖ్యం. సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త వ్యాధి నిర్మూలనకు జాతీయ మిషన్ 2023 జులై 1న మొదలైంది. ఆ పరీక్షల రిపోర్టుల్లో 'ట్రెయిట్' అని ఉంటే ఆ మనిషి వాహకుడు, సాధారణంగా రోగి కాదు. 'డిసీజ్' అని ఉంటే చికిత్స, క్రమం తప్పని చూపు కావాలి. 'ఏఎస్' మొదటిదానికి గుర్తు, 'ఎస్ఎస్' రెండోదానికి. ఈ తేడా తెలియని చేతిలో పడితే ఒక ఇంటికి లేనిపోని భయం చేరుతుంది, మరో ఇంటికి రావాల్సిన వైద్యం రాదు.

4. పేషెంటు మాట ఒకవైపు, కేసు షీటు మాట ఇంకోవైపు

నోట్‌బుక్ పేజీని నిలువుగా రెండు చేయండి. ఎడమవైపు పేషెంటు అన్న మాట అన్నట్టే రాయండి. కుడివైపు డాక్టరు రాసిన ఇంగ్లిష్ మాట.

'నడుస్తుంటే దమ్మొస్తంది' అన్నది కేసు షీటులో 'బ్రెత్‌లెస్‌నెస్ ఆన్ ఎగ్జర్షన్' అవుతుంది. 'గుండె దడదడ కొట్టుకుంటంది' అంటే పాల్పిటేషన్స్. ఇది పాల్పేషన్ కాదు, అది డాక్టరు చేత్తో తాకి చూడటం. 'పెయ్యంత నొప్పులు' అంటే మయాల్జియా. 'సలి జరం' అంటే ఫీవర్ విత్ చిల్స్. 'కాళ్లు తిమ్మిర్లెక్కుతున్నయి' అంటే టింగ్లింగ్, నంబ్‌నెస్. 'మింగుడు పడుతలేదు' అంటే పైన చెప్పిన 'జి' ఉన్న డిస్‌ఫేజియా.

ఈ పద్ధతి నాకు అన్నిటికంటే ఇష్టం. నిఘంటువు చూసి నేర్చిన మాట వారంలో పోతుంది. ఒక ముసలవ్వ మంచం మీద కూర్చుని ఆయాసపడుతూ చెప్పిన మాటకు జతపడిన ఇంగ్లిష్ మాట పోదు. పైగా ఈ నోట్‌బుక్ రెండువైపులా పనికొస్తుంది. డిశ్చార్జ్ రోజున ఇంగ్లిష్ సలహాను అదే అవ్వకు అర్థమయ్యే మాటల్లో చెప్పాల్సింది మీరే.

5. ఒక నోట్‌ను మూడుసార్లు చదవండి

పత్తి పండే ఈ జిల్లాల్లో పురుగుమందు కేసులు క్యాజువాలిటీకి కొత్త కాదు. అలాంటి అడ్మిషన్ నోట్ ఒకటి ఎట్లా చదవాలో చూద్దాం.

మొదటిసారి పైపైన చదవండి. ఎవరు, ఎప్పుడు వచ్చారు, ఏమైంది? 'అలెజ్డ్ హిస్టరీ ఆఫ్ కన్సంప్షన్ ఆఫ్ ఆర్గానోఫాస్ఫరస్ కాంపౌండ్' అన్న వరుస కనిపిస్తుంది, అంటే ఒక రకం పురుగుమందు తాగారని చెప్తున్నారు. 'అలెజ్డ్' అంటే తీసుకొచ్చినవాళ్లు చెప్పిన ప్రకారం, ఇంకా రుజువు కానిది అని. మెడికో లీగల్ (పోలీసులకు తెలియజేయాల్సిన) కేసుల్లో ఆ మాట ఊరికే రాయరు, కాబట్టి మీరు రాసే నోట్‌లో కూడా వదలొద్దు.

రెండోసారి లక్షణాల కోసం చదవండి. 'పిన్‌పాయింట్ ప్యూపిల్స్' అంటే కంటిపాపలు సూదిమొనంత చిన్నబడ్డాయి. 'బైలేటరల్ క్రెప్స్' అంటే రెండు ఊపిరితిత్తుల్లోనూ గరగర. 'ఫాసిక్యులేషన్స్' అంటే కండరాలు అదురుతున్నాయి. 'బ్రాడీకార్డియా' అంటే గుండె నెమ్మదించింది.

మూడోసారి మీరు చేయాల్సిన పనుల కోసం చదవండి. విరుగుడు మందు అట్రోపిన్ ఎంత, ఎంతసేపటికోసారి, ఎప్పటిదాకా? ఇక్కడ 'అన్‌టిల్' అన్న చిన్న మాట కింద గీత గీయండి. ఊపిరితిత్తుల్లో స్రావాలు తగ్గి ఛాతీ శుభ్రపడేదాకా అని దాని తర్వాత రాసి ఉంటుంది. 'వాచ్ ఫర్' అని కనిపిస్తే దాని తర్వాతి మాటలు అట్రోపిన్ ఎక్కువైతే వచ్చే గుర్తులు: జ్వరం, మతి తప్పి మాట్లాడటం, పేగుల చప్పుడు వినిపించకపోవడం.

'అన్‌టిల్', 'అన్‌లెస్', 'ఇఫ్', 'ఎక్సెప్ట్', 'ప్రయర్ టు' లాంటి చిన్న మాటలే వాక్యం మొత్తాన్ని తిప్పుతాయి. పెద్ద పదాల మీద పెట్టే శ్రద్ధ వీటి మీదా పెట్టండి.

6. అంకెలు, పొట్టి అక్షరాలు

ఓడీ (రోజుకోసారి), బీడీ (రెండుసార్లు), టీడీఎస్ (మూడుసార్లు), హెచ్ఎస్ (పడుకునే ముందు), ఎస్ఓఎస్ (అవసరమైతేనే), ఎన్‌పీఓ (నోటితో ఏమీ ఇవ్వొద్దు) లాంటివి నర్సింగ్ మొదటి ఏడాదిలోనే వస్తాయి. వాటిలో దాగిన చిక్కులు చూడండి. ఓడీ మనకు రోజుకోసారి, కానీ కంటి వార్డులో అది కుడి కన్ను. ఇన్సులిన్ దగ్గర యూనిట్లకు బదులు ఇంగ్లిష్ 'యు' ఒక్కటే రాస్తే అది సున్నాలా కనిపించి 10 కాస్తా 100 అవుతుంది. 1.0 అని రాస్తే చుక్క కనబడక 10 అనుకుంటారు. .5 అని రాస్తే 5 అనుకుంటారు. అందుకే పూర్ణ సంఖ్య తర్వాత చుక్క, సున్నా పెట్టొద్దు, చుక్కకు ముందు మాత్రం సున్నా తప్పనిసరి.

మందు చీటీలు చదవగలిగేలా, వీలైతే పెద్ద అక్షరాల్లో, జెనెరిక్ పేర్లతో రాయాలని మెడికల్ కౌన్సిల్ 2016లో నిబంధన తెచ్చింది. డోపమిన్‌కూ డోబుటమిన్‌కూ మధ్య అనుమానం వస్తే ఊహించకండి, 'సర్, ఒకసారి చెప్పండి' అని అడగండి. అడగడం మీ హక్కు.

7. ఇక పొడుగు పేరాలు

రెండు మూడు నెలల తర్వాత పొడవైన వాటిలోకి వెళ్లండి. అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ నడిపే మెడ్‌లైన్‌ప్లస్ వెబ్‌సైట్ ఉచితం, వాక్యాలు తేలిక. అందులో వైద్య పదాలు విడగొట్టడం నేర్పే పాఠం కూడా ఉంది. ఆ తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫ్యాక్ట్ షీట్లు. డయాబెటిస్, క్షయ, పాముకాటు, అంటే మీరు రోజూ చూసేవాటితోనే మొదలుపెట్టండి. విషయం ముందే తెలుసు కాబట్టి కొత్త మాటకు అర్థం ఊహకు అందుతుంది.

ఇంజెక్షన్ పెట్టెలోని కాగితాన్ని మొదటి నుంచి చివరిదాకా చదవనక్కర్లేదు. శీర్షికలు పట్టుకోండి: ఇండికేషన్స్, కాంట్రాఇండికేషన్స్, డోసేజ్, వార్నింగ్స్, అడ్వర్స్ రియాక్షన్స్, స్టోరేజ్. కాంట్రాఇండికేటెడ్ అంటే ఇవ్వకూడదు. 'విత్ కాషన్' అంటే ఇవ్వొచ్చు, కానీ కన్నేసి ఉంచాలి. టీకాల కాగితంలో 2 నుంచి 8 డిగ్రీలు అని ఉండి, పక్కనే 'డు నాట్ ఫ్రీజ్' అని ఉంటే, సబ్ సెంటర్‌లో ఐస్‌ప్యాక్‌కు నేరుగా తగిలేలా ఆ సీసా పెట్టొద్దు.

8. విదేశీ ఉద్యోగం లక్ష్యమైతే

ఓఈటీ (ఆక్యుపేషనల్ ఇంగ్లిష్ టెస్ట్) అనే ఇంగ్లిష్ పరీక్ష ప్రత్యేకంగా ఆరోగ్య వృత్తుల కోసమే ఉంది. బ్రిటన్ నర్సింగ్ కౌన్సిల్ 2017 నుంచి దాన్ని ఒప్పుకుంటోంది. చదివే విభాగం 60 నిమిషాలు, 42 ప్రశ్నలు. మొదటి భాగంలో ఒకే అంశం మీద నాలుగు చిన్న కాగితాలు ఇచ్చి, 15 నిమిషాల్లో 20 ప్రశ్నలకు జవాబు రాయమంటారు. ఆ టైం అయ్యాక ఆ కాగితం తీసేసుకుంటారు. మిగిలిన 45 నిమిషాల్లో ఆసుపత్రి సర్క్యులర్ల లాంటి ఆరు చిన్న పేరాలు, తర్వాత రెండు పొడవైన వ్యాసాలు.

మనవాళ్లకు గట్టిగా తగిలేది ఆ మొదటి 15 నిమిషాలే. మొత్తం చదివి అర్థం చేసుకున్నాకే జవాబు రాయాలన్న అలవాటు అక్కడ పనికిరాదు. ముందు ప్రశ్న చదివి, డోసు అడిగితే పట్టికలోకి, లక్షణం అడిగితే పేరాలోకి కన్ను నేరుగా వెళ్లాలి. దీనికి ఖర్చు లేని సాధన ఒకటుంది. డ్యూటీలో ఉన్న ఏదైనా మందు కాగితం తీసుకుని, తోటి సిస్టర్‌ను ఐదు ప్రశ్నలు అడగమనండి: పిల్లలకు ఎంత, గర్భిణికి ఇవ్వొచ్చా, ఏ సెలైన్‌లో కలపాలి, ఎంతసేపు ఎక్కించాలి, కలిపాక ఎన్ని గంటలు ఉంటుంది. ఫోన్‌లో మూడు నిమిషాలు పెట్టుకుని జవాబులు వెతకండి. తర్వాత మీరు అడగండి, ఆమె వెతుకుతుంది.