నీళ్ల ఆఫీసుకి వెళ్లేముందు కాలనీలో చేయాల్సిన పనులు

హైదరాబాద్‌లో మార్చి వచ్చిందంటే మా కాలనీ గ్రూపులో పొద్దున్నే మొదటి మెసేజ్ ట్యాంకర్ గురించే ఉండేది. బుక్ చేశారా, ఎప్పుడొస్తుంది, డబ్బులు ఎవరు కట్టారు. ఏటా ఈ టెన్షన్ పడీ పడీ మాకు తెలిసొచ్చింది ఏంటంటే, ఉత్త చేతులతో ఆఫీసుకి వెళ్తే మాటామాటా పెరుగుతుంది, నోట్‌బుక్‌లో లెక్క రాసుకుని వెళ్తే పని జరుగుతుంది. అందుకే ముందు లెక్కతో మొదలుపెట్టండి.

మొదట సంపు చూడండి. నల్లా నీళ్లు రాని రోజు చూసుకుని రాత్రి పదకొండింటికి మోటార్ ఆపేసి, సంపులోకి వచ్చే వాల్వ్, బయటికి పోయే వాల్వ్ రెండూ కట్టేసి, ఒక పొడుగాటి కర్రని అడుగు తగిలేదాకా నిలువుగా దించండి. తడి ఎక్కడిదాకా ఉందో అక్కడ దారం కట్టండి. తెల్లారి ఐదింటికి, ఎవరూ మోటార్ వేయకముందే, అదే చోట మళ్లీ దించి చూడండి. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు ఉన్న సంపులో ఒక్క అంగుళం తగ్గినా దాదాపు 235 లీటర్లు పోయినట్టే. మా బ్లాకులో ఆ ఒక్క రాత్రే రెండు అంగుళాలు తగ్గింది. సంపు మూలన వెంట్రుకంత పగులు. అన్నాళ్లూ లైన్‌మన్ మాకే నీళ్లు తక్కువ వదులుతున్నాడని తిట్టుకున్నాం, తప్పు మా గోడలో ఉంది. ఆయన్ని పిలిచి ఆ పగులు చూపించి సారీ చెప్పాం, ఆ తర్వాత ఏ పనికి పిలిచినా వస్తున్నాడు.

ఇళ్లలో చేయాల్సింది చిన్న పనే. ఫ్లష్ ట్యాంకులో చెంచాడు పసుపు కలిపి పావుగంట ఫ్లష్ కొట్టకుండా ఉంచండి, కమోడ్‌లోకి రంగు దిగిందంటే లోపల వాషర్ పోయింది. పైన ట్యాంకు పొర్లే ఇళ్లకి బాల్‌కాక్ మార్పించండి. ఆర్వో నుంచి బయటికి పోయే నీళ్లు బకెట్‌కి పడితే ఇల్లు తుడవడానికి సరిపోతాయి.

ఇప్పుడు మీటర్. 2021 జనవరి నుంచి జలమండలి, అంటే హైదరాబాద్ నీళ్ల బోర్డు, ఇంటికి నెలకి 20,000 లీటర్లు ఉచితంగా ఇస్తోంది, బస్తీలు తప్ప మిగతా చోట్ల మీటర్ పనిచేస్తూ ఉండాలన్నది దానికి షరతు. చాలామంది బిల్లు వచ్చినప్పుడే మీటర్ వైపు చూస్తారు. అలా కాకుండా నీళ్లు వదిలే రోజున వదలకముందు ఒక రీడింగ్, ఆగిపోయాక ఒక రీడింగ్, ఎంతసేపు వచ్చాయో టైమ్, ఈ మూడూ వాచ్‌మన్ చేత రాయించండి. రెండు నెలలు రాస్తే ఏ వీధికి ఎన్ని నీళ్లు వస్తున్నాయో, ఎప్పటినుంచి తగ్గాయో మీకే తెలుస్తుంది, మీ ఏరియా చూసే జలమండలి సెక్షన్ మేనేజర్‌కి కూడా మీ మాట మీద నమ్మకం కుదురుతుంది.

రోడ్డు మీద లీకేజీ కనిపిస్తే జలమండలి ఫిర్యాదుల నంబరు 155313కి ఫోన్ చేస్తాం కదా, ఇక్కడే చాలా ఫిర్యాదులు వృథా అవుతాయి, ఎందుకంటే మనిషి వచ్చేసరికి సప్లై ఆగిపోయి రోడ్డు ఎండిపోయి ఉంటుంది. నీళ్లు వస్తున్నప్పుడే వీడియో తీసి, ఊట ఎక్కడ మొదలైందో అక్కడ పెయింట్‌తో గుర్తు పెట్టి, దగ్గర్లోని కరెంటు స్తంభం నంబరు, మీ క్యాన్ నంబరు (నీళ్ల బిల్లు మీద ఉండే కనెక్షన్ నంబరు), నీళ్లు వదిలే టైమ్ చెప్పండి. కృష్ణా నీళ్లు వంద కిలోమీటర్లకి పైగా కరెంటు పెట్టి ఎత్తిపోస్తే మన వీధిదాకా వస్తున్నాయి, అవి రోడ్డు పాలవుతుంటే చూస్తూ ఊరుకోబుద్ధి కాదు.

నల్లా లైనుకే నేరుగా మోటార్ బిగించినవాళ్లు ప్రతి కాలనీలో ఉంటారు. 2025 ఏప్రిల్‌లో జలమండలి ఇలాంటి మోటార్లు స్వాధీనం చేసుకుని 5,000 రూపాయలు జరిమానా వేసింది. పక్కింటి మీద ఫిర్యాదు పెట్టి మొహాలు చూసుకోలేని పరిస్థితి తెచ్చుకునే కంటే, మీటింగులో ఒక తేదీ అనుకుని ఆ రోజు అందరూ తీసేయండి. ఒక్కరు ఉంచుకున్నా చివరింటికి నీళ్లందవు.

అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇంకుడు గుంత. రెండొందల గజాల స్లాబ్ అంటే 167 చదరపు మీటర్లు, దాని మీద సెంటీమీటరు వాన పడితే 1,670 లీటర్లు. హైదరాబాద్‌లో ఏడాదికి సగటున 80 సెంటీమీటర్లు పడుతుంది, ఐదో వంతు వృథా పోయిందనుకున్నా లక్ష లీటర్లు దాటుతుంది. గుంతలో అడుగున 40 ఎంఎం కంకర, దాని మీద 20 ఎంఎం కంకర, పైన దొడ్డు ఇసుక, కంకరకీ ఇసుకకీ మధ్య జాలీ. పునాదికీ సెప్టిక్ ట్యాంకుకీ దూరంగా తవ్వించండి. మొదటి వాన నీళ్లలో స్లాబ్ మీది దుమ్మంతా కొట్టుకొస్తుంది, దాన్ని బయటికి వదలడానికి పైపుకి వేరే మూత పెట్టించండి. మేం గుంత తవ్వించి మర్చిపోయాం, మూడో వానాకాలానికి ఇసుక మీద ఒండ్రు పేరుకుని నీళ్లు ఇంకకుండా నిలబడిపోయాయి, దోమలు ముసిరాయి. ఇప్పుడు ఏటా మేలో పై ఇసుక తీసి కడిగి మళ్లీ పోస్తున్నాం.

ఇంటి గుంత మనమే తవ్వుకోవచ్చు, పార్కులోనూ రోడ్డు పక్కనా అయితే స్థలం మున్సిపల్ వాళ్లది. కాలనీ సంతకాలతో తీర్మానం, వాన పడ్డప్పుడు నీళ్లు నిలిచే చోట్ల ఫోటోలు, చేత్తో గీసిన మ్యాపు పట్టుకుని సర్కిల్ ఆఫీసుకి వెళ్లండి, లేదంటే సోమవారం అధికారులు అర్జీలు తీసుకునే ప్రజావాణిలో ఇవ్వండి. అందులో ఒక వాక్యం తప్పకుండా రాయండి: గుంత తవ్విస్తే ఏటా పూడిక తీయడం, చెత్త పడకుండా చూడడం మా బాధ్యత అని. తవ్విన గుంతలు చెత్తకుండీలవుతాయన్న భయంతోనే చాలామంది అధికారులు వెనకాడతారు, ఆ భయం తీరితే ఫైలు కదులుతుంది. ఈ అర్జీ ఫిబ్రవరిలోనే ఇవ్వండి. తవ్వకం మే మూడో వారానికి పూర్తి కావాలి, జూన్‌లో మొదలుపెడితే తొలకరికే గట్టు కూలి మట్టంతా గుంతలో పడుతుంది.